ఎనిమిది వారాల జర్మన్ కోర్సుకి స్టూడెంట్ వీసా కావాలా?

గాజువాక కెమిస్ట్:
పరవాడ ఫార్మా సిటీలో క్వాలిటీ కంట్రోల్‌లో చేస్తున్నాను. జర్మన్ ఏ2 (రెండో స్థాయి) అయింది. ఫ్రైబుర్గ్‌లో ఒక భాషా పాఠశాలలో ఎనిమిది వారాలు చదివొద్దామని ఉంది. జీతం లేని సెలవు ఇస్తామన్నారు. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే, స్టూడెంట్ వీసా తప్పదు, బ్లాక్డ్ అకౌంట్ (ఖర్చుల డబ్బు ముందే వేసి, నెలకి కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతా) తెరవాలి అన్నారు. రెండు నెలలకి అంత హంగామానా? నాన్నేమో అమ్మ పేరు మీదున్న ఎఫ్‌డీ తీసేసి నా ఖాతాలో వేస్తానంటున్నారు. ఒకటే టెన్షన్. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఉక్కునగరం కుర్రాడు:
ముందు అపాయింట్‌మెంట్ చూసుకోండి, వేసవికి ముందు స్లాట్లు దొరకవు. వేలిముద్రలకి హైదరాబాద్‌లో వీసా సెంటర్‌కి వెళ్ళాలి. సాయంత్రం గోదావరి ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్.

సీతమ్మధార లక్ష్మి:
అమ్మా, ఆ ఎఫ్‌డీ ముట్టుకోవద్దని ముందు నాన్నగారికి చెప్పు. నేను బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో చేసి రిటైరయ్యాను. నెలనెలా జీతం పడుతున్న ఖాతాలో దరఖాస్తుకి వారం ముందు నాలుగు లక్షలు ఊడిపడితే, ఎవరి కన్నైనా ముందు దాని మీదే పడుతుంది. ఎఫ్‌డీ ఎక్కడున్నది అక్కడే ఉండనీ. దాని రసీదు, ఖర్చు మేమే పెడుతున్నామని అమ్మ సంతకంతో ఒక ఉత్తరం, నీ జీతం స్లిప్పులు, ఐటీ రిటర్నులు జతచెయ్యి.

ఇక వీసా. తొంభై రోజుల్లోపు కోర్సుకి షెంగెన్ వీసా (జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే కొద్దికాలపు వీసా) చాలు, బ్లాక్డ్ అకౌంట్ అక్కర్లేదు. లెక్క ఏంటంటే, ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90కి మించి ఉండకూడదు. దిగిన రోజు, బయల్దేరిన రోజు కూడా లెక్కలోకొస్తాయి. ఫీజు 90 యూరోలు, సెంటర్ వాళ్ళ సర్వీస్ ఛార్జీ వేరే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజులు ముందుండాలి. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, ఒక్కోసారి 45 దాకా లాగుతారు.

ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి, షెంగెన్ దేశాలన్నిటికీ, ఉండే రోజులన్నిటికీ వర్తించాలి. స్కూలు ఇచ్చే కాగితంలో కోర్సు తేదీలు, వారానికి ఎన్ని గంటలు, ఫీజు కట్టినట్టు ఉండాలి. బస ఎక్కడో చూపించాలి. మీ ఆఫీసు ఉత్తరంలో సెలవు మంజూరైందని మాత్రమే రాస్తే సగం పనే. ఫలానా తేదీన తిరిగి డ్యూటీలో చేరుతుందని రాయించుకో. తిరిగొస్తావా రావా అన్నదే వాళ్ళ అసలు అనుమానం. పెళ్ళికాని పిల్ల, చేతిలో ఉద్యోగం, జర్మన్ వచ్చు. నువ్వైనా అనుమానించవా?

గాజువాక కెమిస్ట్:
చాలా థ్యాంక్స్ మేడమ్. అక్కడికెళ్ళాక నచ్చితే అలాగే ఉండి తర్వాతి స్థాయి బీ1 కూడా పూర్తి చేసేయొచ్చా?

సీతమ్మధార లక్ష్మి:
ఆ ఆలోచనుంటే ఇప్పుడే తేల్చుకో. షెంగెన్ మీద వెళ్ళి అక్కడ కూర్చుని చదువు పర్మిట్‌గా మార్చుకోవడం కుదరదు, వెనక్కొచ్చి ఇక్కడ మళ్ళీ పెట్టుకోవాల్సిందే. మూడు నెలలు దాటే భాషా కోర్సుకి నేషనల్ వీసా (ఎక్కువ కాలం ఉండటానికి జర్మనీ ఇచ్చేది) ఉంది, ఫీజు 75 యూరోలు. దానికి వారానికి కనీసం 18 గంటల ఇంటెన్సివ్ కోర్సు ఉండాలి. బ్లాక్డ్ అకౌంట్ మాట అక్కడ వస్తుంది. మీ కన్సల్టెన్సీ వాళ్ళు ఇదే చెప్పుంటారు. అబద్ధమని అనను గానీ, నీ రెండు నెలల ముచ్చటకి అది కాదు. వాళ్ళ కమిషన్ ఎందులో ఎక్కువో నువ్వే ఊహించుకో.

ఉక్కునగరం కుర్రాడు:
మేడమ్, టికెట్ ముందే కొనాలా?

సీతమ్మధార లక్ష్మి:
వద్దు బాబూ. రానుపోను రిజర్వేషన్ కాగితం చూపిస్తే చాలు. వీసా స్టాంపు పడ్డాక డబ్బు కట్టుకోవచ్చు. పాస్‌పోర్టు మాత్రం చూసుకోండి: తిరుగు ప్రయాణం తర్వాత ఇంకో మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి.