పాపికొండలు కలంకారీలో వేయిస్తే ఆకుపచ్చ నిలుస్తుందా?

గోదారి గట్టు:
రాజమండ్రిలో కొత్త ఇల్లు కట్టుకున్నాం. హాల్లో సోఫా వెనక గోడకి పాపికొండలు, మధ్యలో గోదారి వచ్చేలా పెద్ద కలంకారీ వేయిద్దామని శ్రీకాళహస్తిలో ఒకాయనకి ఫొటో పంపాను. "ఫొటోలా రాదమ్మా, పైగా సహజ రంగుల్లో ఆ పచ్చదనం పోనుపోను నీలం తిరుగుతుంది" అన్నారాయన. పాపికొండలంటేనే పచ్చదనం కదండీ! కెమికల్ రంగులు వేయించుకోనా? లేక ఆయిల్ పెయింటింగే నయమా?

కలం కాసిమి:
ఆయన ఉన్నమాట చెప్పారు, వదులుకోకండి. నేనూ శ్రీకాళహస్తిలోనే ఈ పని చేస్తాను. మాకు ఆకుపచ్చ అంటూ విడిగా రంగు లేదు. పసుపు రంగు, నీలిమందు ఒకదానిమీద ఒకటి పడితే వచ్చేదే ఆకుపచ్చ. ఎండకి ముందు పసుపు ఎగిరిపోతుంది, నీలిమందు మిగులుతుంది. 17, 18 శతాబ్దాల్లో మన కోరమండల్ తీరం నుంచి యూరప్ వెళ్లిన కలంకారీలు మ్యూజియాల్లో ఉన్నాయి, ఫొటోలు చూడండి. చాలావాటిలో ఆకులు నీలంగా ఉంటాయి. వేసినప్పుడు అవి పచ్చటి ఆకులే.

అయినా లాంచీలో వెళ్తుంటే దూరపు కొండలు నీలంగానే కనబడతాయి కదమ్మా? వెనక వరసలకి నీలిమందే పెట్టించండి. పచ్చదనం గట్టున చెట్లకి చాలు.

ఫొటోలా ఎందుకు రాదంటే, మాది గీత పని. బట్టని ముందు కరక్కాయ పొడి, గేదె పాలు కలిపి అందులో ముంచి ఆరబెడతాం. ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెడితే కాసిమి. కలంతో గీసినప్పుడు లేతగానే ఉంటుంది, కరక్కాయ తగిలి చూస్తుండగానే నల్లబడుతుంది. పాలలో వెన్న ఉండబట్టే గీత పాకదు. పడిన గీత ఇక చెరగదు. పొగమంచు, నీళ్లలో కొండ నీడ లాంటివి అడిగితే మా చేతులు కట్టేసినట్టే.

పాత కలంకారీల్లో పెద్ద చెట్టు మొదట్లో చిన్న చిన్న గుట్టలు చేప పొలుసుల్లా ఒకదానిమీద ఒకటి ఉంటాయి, సందుల్లో మొక్కలు. పాపికొండలకి ఆ పద్ధతి అడగండి. గోదారికి రంగే వద్దు, బట్ట తెలుపు మీద అలల గీతలు చాలు. పడవకి ఎరుపు పెట్టిస్తే అందం. పటిక రాసినచోటే ఎరుపు పట్టుకుంటుంది, బాగా నిలుస్తుంది కూడా.

పెడన అద్దకం:
మా వైపుకి మాత్రం రాకండి, మాది అచ్చుల పని! రంగు రంగుకీ టేకు చెక్క మీద వేరే అచ్చు చెక్కాలి. ఒక్క గోడ బట్ట కోసం అంత చెక్కించడం దండగ. అదే డిజైన్‌తో దుప్పట్లు, కర్టెన్లు వేసి అమ్ముతామంటే అప్పుడు మాట్లాడుకుందాం.

గోదారి గట్టు:
చాలా థ్యాంక్సండీ ఇద్దరికీ. ఒక్క టెన్షన్. ఆ గోడ మీద పొద్దుటెండ నేరుగా పడుతుంది. అద్దం బిగిస్తే సరిపోతుందా? ఉతకొచ్చా?

కలం కాసిమి:
మామూలు అద్దంతో ఎండ ఆగదమ్మా. గోడ మార్చండి, కుదరకపోతే కిటికీకి మందపాటి కర్టెన్ వేయండి. ఉతకడం మాటెందుకు, దుమ్ము దులిపితే చాలు. మరీ మాస్తే చన్నీళ్లలో కుంకుడు రసం, నీడలో ఆరేయడం. ఆర్డర్ ఇచ్చేముందు కాగితం మీద గీయించుకుని చూడండి. కొండ ఎత్తు తగ్గించాలన్నా, పడవ జరపాలన్నా అప్పుడే చెప్పేయాలి.