బొడ్డు గడ్డలో అడినోకార్సినోమా, స్కాన్‌లో క్లోమం (పాంక్రియాస్) నార్మల్. క్లోమాన్ని పక్కన పెట్టేయవచ్చా?

రెడ్‌హిల్స్_పీజీ
58 ఏళ్ల పురుషుడు. బొడ్డులో 2 సెంటీమీటర్ల గట్టి గడ్డ, హెర్నియా అనుకుని సర్జరీ ఓపీకి పంపారు. 4 నెలల్లో 7 కిలోలు తగ్గారు, షుగర్ కొత్తగా బయటపడింది, కామెర్లు లేవు. సూదితో తీసిన నమూనాలో అడినోకార్సినోమా (గ్రంథి కణాల క్యాన్సర్) వచ్చింది. మామూలు కాంట్రాస్ట్ సీటీలో "క్లోమం నార్మల్, పొట్టలో కొద్దిగా నీరు" అన్నారు. రక్తంలో సీఏ 19-9 (క్లోమం క్యాన్సర్‌లో పెరిగే పదార్థం) విలువ 22. గ్యాస్ట్రోస్కోపీ, కొలనోస్కోపీలలో ఏమీ లేదు. ఈ క్యాన్సర్ ఎక్కడ మొదలైందో వెతుకుతున్నాం, ఇక క్లోమాన్ని లెక్కలోంచి తీసేయవచ్చా? పేషెంటుకు హైదరాబాద్ అంతా తిరిగే ఓపిక లేదు, అందుకే ఏది ముందో తెలియాలి.

స్లైడ్‌బాక్స్
తీసేయకండి సర్. లోపలి క్యాన్సర్ బొడ్డుకు పాకి కట్టే ఇలాంటి గడ్డనే సిస్టర్ మేరీ జోసెఫ్ నాడ్యూల్ అంటాం. ఆమె అమెరికాలోని రోచెస్టర్‌లో సర్జన్ విలియం మేయోకు ఆపరేషన్లలో సాయపడిన నర్సు. 1949లో సర్జన్ హామిల్టన్ బెయిలీ ఆ పేరు వాడాక అదే నిలిచిపోయింది. కడుపు, పెద్దపేగు, అండాశయం తర్వాత తప్పక తలచుకోవాల్సింది క్లోమాన్నే, అందులోనూ తోక భాగాన్ని. తల భాగంలో గడ్డ పైత్యనాళాన్ని నొక్కి కామెర్లు తెప్పిస్తుంది కాబట్టి కొంత ముందే పట్టుబడుతుంది. తోకలో ఉన్నది దేన్నీ నొక్కదు. పెరిటోనియం (పొట్ట లోపలి పొర) మీద చల్లుకుపోయి, బొడ్డు దాకా వచ్చాకే కనపడుతుంది. ఈ వయసులో బరువు తగ్గుతూ కొత్తగా వచ్చిన షుగర్‌ని మామూలు షుగర్‌గా చూడకూడదు.

సీఏ 19-9 విలువ 37 లోపు ఉందని ధైర్యపడొద్దు. లూయిస్ యాంటిజెన్ (రక్తకణాల మీద ఉండే ఒక గుర్తు) లేనివాళ్లు, అంటే నూటికి 5 నుంచి 10 మంది, ఆ పదార్థాన్ని దాదాపుగా తయారుచేయలేరు. కామెర్లున్నప్పుడు కథ తిరగబడుతుంది, క్యాన్సర్ లేకున్నా పెరుగుతుంది. అప్పుడు బిలిరుబిన్ దిగాక మళ్లీ చూడాలి.

అసలు పని ఆ గడ్డ దగ్గరే ఉంది. చేతికందే చోట ఉన్న కణజాలం అది. సూదితో పీల్చిన కణాలు చాలవు, కోర్ బయాప్సీ (లావు సూదితో ముక్క) తీయించండి. ముక్కను సెలైన్‌లో వదిలేయకుండా వెంటనే 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో, ముక్కకు కనీసం 10 రెట్ల ద్రవంలో వేయాలి. 6 గంటలకు తక్కువ, 72 గంటలకు ఎక్కువ ఉంచకూడదు. ల్యాబ్‌లో జరిగే పెద్ద నష్టం ఇంకొకటుంది. ఒక్కో స్టెయిన్‌కి (కణాల గుర్తులు చూపే రంగు పరీక్షకి) బ్లాకును, అంటే ముక్కను పొదిగిన మైనపు దిమ్మను, మళ్లీ మళ్లీ కోసే మెషీన్‌కెక్కిస్తే ప్రతిసారీ దాని ముఖం సరిచేయడంలోనే కణజాలం అరిగిపోతుంది. మొదటిసారే 10–15 స్టెయిన్ చేయని సెక్షన్లు కోసి పెట్టమనండి.

ముందు సీకే7, సీకే20, సీడీఎక్స్2, టీటీఎఫ్1 స్టెయిన్లు చాలు, కణం ఏ అవయవానిదో సూచించే ప్రోటీన్లు ఇవి. క్లోమానిది సాధారణంగా సీకే7 పాజిటివ్, సీకే20 ఎలాగైనా ఉండొచ్చు. ఎస్‌మ్యాడ్4 అనే ప్రోటీన్ పోయి ఉంటే క్లోమం వైపు బలం, కానీ అది పోయేది సుమారు సగం కేసుల్లోనే. "ఇది క్లోమమే" అని ఒంటిచేత్తో చెప్పే స్టెయిన్ లేదు. ఊపిరితిత్తుల మ్యూసినస్ రకం కూడా సీకే7 పాజిటివ్, టీటీఎఫ్1 నెగటివ్ అయి, కేరాస్ జన్యువులో మ్యుటేషన్‌తో అచ్చం ఇలాగే దిగుతుంది. ఛాతీ సీటీ చూడకుండా రిపోర్టు రాయడం ప్రమాదం.

పోర్టల్_ఫేజ్
"క్లోమం నార్మల్" అన్నది ఏ స్కాన్‌లోనో అడగండి. మామూలు పొట్ట సీటీలో ఒక్క పోర్టల్ ఫేజే (కాంట్రాస్ట్ కాలేయం సిరల్లోకి చేరిన దశ) తీస్తారు. అప్పటికి గడ్డకూ చుట్టూ ఉన్న క్లోమానికీ రంగు తేడా తగ్గిపోతుంది. ఫారంలో "పాంక్రియాస్ ప్రోటోకాల్" అని రాయండి: కాంట్రాస్ట్ ఎక్కించిన 40–50 సెకన్లకు ఒకసారి, 65–70 సెకన్లకు మరోసారి, 3 మిల్లీమీటర్లు మించని స్లైసులు, తాగడానికి తెల్ల కాంట్రాస్ట్ బదులు మంచినీళ్లు. అయినా కొన్ని గడ్డలు క్లోమం రంగులోనే కలిసిపోతాయి. క్లోమ నాళం ఉన్నట్టుండి తెగినట్టు ఆగడం, దాని వెనక క్లోమం ఎండిపోవడం చూడాలి. అదీ తేలకపోతే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (నోటి గుండా గొట్టం పంపి లోపలి నుంచి తీసే స్కాన్). పాత సీడీ పారేయకండి, రిపోర్టు కాగితం కన్నా బొమ్మలే ముఖ్యం.

మెహదీపట్నం_గ్యాస్ట్రో
పొట్టలో నీరు అనగానే మన దగ్గర ముందు టీబీ అంటారు. పెట్ స్కాన్‌లో టీబీ, క్యాన్సర్ రెండూ ఒకేలా వెలుగుతాయి, కాబట్టి పెట్‌తో తేల్చుకోలేం. నీరు కనీసం 50 మిల్లీలీటర్లు సైటాలజీకి (క్యాన్సర్ కణాల కోసం), వేరే సీసాలో ఏడీఏకి (టీబీలో పెరిగే ఎంజైమ్ పరీక్షకి) పంపండి. మొదటిసారి కణాలు కనపడకపోతే ఇంకోసారి తీయాలి. కణజాలం చేతికి రాకుండా "చూద్దాం" అని టీబీ మందులు మొదలుపెట్టడం నాకు ససేమిరా ఒప్పుదల కాదు. ఆ మందులు పనిచేస్తాయేమో అని ఆగే రెండు నెలలు ఈ పేషెంటు దగ్గర లేవు.

రెడ్‌హిల్స్_పీజీ
ప్రోటోకాల్ సీటీలో తోకలో గడ్డ కనపడితే, దాన్నీ సూదితో గుచ్చాలా?

స్లైడ్‌బాక్స్
బొడ్డు ముక్క స్టెయిన్లు సరిపోతే అక్కర్లేదు. దూరంగా పాకిందని రుజువైతే అది నాలుగో స్టేజీయే, కోసి తీసేసే ఆపరేషన్ మాట రాదు. జన్యు పరీక్షకు కణజాలం చాలకపోతేనే రెండోసారి. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2, పాల్బీ2 జన్యువుల్లో పుట్టుకతో వచ్చే మార్పుల కోసం రక్తం ఇవాళే పంపండి. అవి ఉంటే ప్లాటినం రకం కీమో మందుల వైపు మొగ్గుతారు, ఇంట్లోవాళ్లకూ పరీక్ష అవసరమవుతుంది.

మెహదీపట్నం_గ్యాస్ట్రో
ఒక కాలు వాచిందేమో చూడండి. ఈ క్యాన్సర్‌లో సిరల్లో రక్తం గడ్డకట్టడం ఎక్కువ, డాప్లర్ (సిరల స్కాన్) వాయిదా వేయొద్దు. నొప్పి ఉంటే రిపోర్టులన్నీ వచ్చేదాకా ఆగకుండా హైదరాబాద్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జేలో పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే) విభాగానికి ఇప్పుడే చూపించండి.