ఏడో తరం ఐ5 ల్యాప్‌టాప్: ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, బ్యాటరీ వేయించాలా, మార్చేయాలా?

ఎక్సెల్_పని:
2017 నాటి 15.6 అంగుళాల ల్యాప్‌టాప్. ఐ5-7200యూ, 8 జీబీ డీడీఆర్4 (4 బోర్డు మీదే, 4 స్లాట్‌లో), 1 టీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. డెస్క్‌టాప్ కనిపించాక కూడా ఐదారు నిమిషాల దాకా ఏదీ తెరుచుకోదు. బ్యాటరీ గంట కూడా రావట్లేదు. బ్రౌజర్‌లో పది పదిహేను ట్యాబ్‌లు, ఎక్సెల్, వీడియో కాల్స్, అంతే పని. గేమ్స్, వీడియో ఎడిటింగ్ లేవు. మూడూ మార్పిస్తే ఇంకో రెండు మూడేళ్లు లాగుతుందా? లేక ఆ డబ్బేదో కొత్తదానికే పెట్టడం మేలా?

స్క్రూడ్రైవర్:
ఏమీ కొనకముందు అసలు అడ్డం పడుతున్నది ఏదో చూడండి. ఆన్ చేయగానే టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో పది నిమిషాలు గమనించండి. డిస్క్ 100 శాతం దగ్గరే నిలబడిపోయి, సీపీయూ 20, 30 దాటకపోతే తప్పు హార్డ్‌డిస్క్‌ది. 5400 ఆర్‌పీఎం డిస్క్ ఒకే పెద్ద ఫైలైతే సెకనుకు 100 ఎంబీ దాకా చదవగలదు. కానీ విండోస్ మొదలయ్యేటప్పుడు చదివేవన్నీ వేలకొద్దీ చిన్న ముక్కలు. ఒక్కో ముక్కకీ చదివే హెడ్ జరగాలి, డిస్క్ లోపలి పళ్లెం (ప్లాటర్) తిరిగి అక్కడికి రావాలి. అలా సెకనుకు ఓ వంద చదివితే ఎక్కువ. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ వాడే కనెక్షనే, కానీ తిరిగే భాగాల్లేకుండా చిప్‌లలో దాచేది) అదే పని సెకనుకు వేలల్లో చేస్తుంది. ర్యామ్ ఎంత పెంచినా ఈ మొదటి ఐదు నిమిషాలు తగ్గవు.

మీ ట్యాబ్‌లన్నీ తెరిచి ఉండగా మెమరీలో ‘కమిటెడ్’ అంకె (తెరిచినవన్నీ కలిసి అడుగుతున్న మెమరీ) చూడండి. 8 జీబీని బాగా దాటి ఉంటే ర్యామ్ కూడా తక్కువే.

ఇంకో రెండు చూడాలి. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్‌లో 05, సీ5 వరసల (చెడిన, చదవలేని సెక్టార్ల లెక్క) రా విలువలు సున్నా కాకపోతే ఆ డిస్క్ పాడవడం మొదలైందన్నమాట. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ బ్యాటరీరిపోర్ట్ కొడితే ఒక ఫైల్ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ (కొత్తప్పుడు పట్టేది), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) ఎంతున్నాయో ఇక్కడ పెట్టండి.

పాతబోర్డు:
పైన చెప్పినవన్నీ సరైనవే. కానీ ఖర్చు పెట్టేముందు ఒకటి తేల్చుకోండి: ఈ ల్యాప్‌టాప్ పోయాక కూడా మీకు మిగిలేది ఏది? 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీని రేపు యూఎస్‌బీ కేసులో పెట్టుకుని ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌గా వాడుకోవచ్చు. డీడీఆర్4 ర్యామ్ కొత్త తరం డీడీఆర్5 స్లాట్‌లో కూర్చోదు. బ్యాటరీ ఆ మోడల్‌కు తప్ప దేనికీ పనికిరాదు. కాబట్టి మొదట ఎస్‌ఎస్‌డీ, దానితో నెల రోజులు వాడాక అవసరమైతే ర్యామ్. మూడూ ఒకేసారి వేయించడం నాకు నచ్చదు.

ప్రాసెసర్ సంగతి వేరు. 7200యూలో ఉన్నవి రెండే కోర్లు, నాలుగు థ్రెడ్లు. ఆ తర్వాతి తరం 8250యూలో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. రెండూ 15 వాట్ల చిప్‌లే. వీడియో కాల్ నడుస్తుండగా స్క్రీన్ షేర్ చేసి ఎక్సెల్ తిప్పితే ఈ తేడా తెలుస్తుంది, దాన్ని ఎస్‌ఎస్‌డీ పూడ్చలేదు. బోర్డుకు సోల్డర్ చేసిన చిప్ కాబట్టి మార్చే దారీ లేదు.

పైగా విండోస్ 10 మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటుతో పాటు మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి. ఇంటెల్‌లో అది దాదాపుగా 8వ తరం నుంచే మొదలవుతుంది, 7200యూ అందులో లేదు. తనిఖీని తప్పించి ఎక్కించే పద్ధతులున్నాయి, ఎక్కుతుంది కూడా. కానీ అలాంటి మెషీన్‌కు అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. బ్యాంకు పనులు చేసే మెషీన్‌కైతే నేను ఆ సలహా ఇవ్వను.

ఎక్సెల్_పని:
చూశాను. డిస్క్ 100 శాతం, సీపీయూ 25 దగ్గర. అన్నీ తెరిచాక కమిటెడ్ 9.6 జీబీ. 05 సున్నా, సీ5 రా విలువ మాత్రం హెక్స్‌లో 18. బ్యాటరీ డిజైన్ 41,000, ఫుల్ ఛార్జ్ 17,500 ఎండబ్ల్యూహెచ్. ఈమధ్య టచ్‌ప్యాడ్ ఎడమ క్లిక్ గట్టిగా నొక్కితే గానీ పడట్లేదు, దీనికీ బ్యాటరీకీ సంబంధం ఉందా?

స్క్రూడ్రైవర్:
ఉండొచ్చు, ముందు దాని సంగతే చూడండి. చాలా మోడళ్లలో బ్యాటరీ టచ్‌ప్యాడ్ కిందే ఉంటుంది. ఉబ్బితే క్లిక్‌కి చోటుండదు. మూత మూసి బల్ల మీద పెట్టి చూడండి. ఊగుతున్నా, అడుగు కవర్ అంచు లేచినా ఛార్జింగ్ ఆపేయండి. ఉబ్బిన ప్యాక్‌ను నొక్కకూడదు, గుచ్చకూడదు, జిగురుతో అంటి ఉంటే పదునైన లోహంతో పెకలించకూడదు. ఉబ్బి ఉంటే బ్యాటరీ మార్పు తప్పనిసరి. బ్యాటరీ తీసేసి అడాప్టర్ మీదే నడపొచ్చు గానీ, కొన్ని మోడళ్లు అప్పుడు ప్రాసెసర్ వేగాన్ని బాగా తగ్గించేస్తాయి.

సీ5లో హెక్స్ 18 అంటే 24. డిస్క్ చదవలేక పక్కన పెట్టిన సెక్టార్లు 24 ఉన్నాయన్నమాట. ఈ డిస్క్‌ను క్లోన్ చేయొద్దు, అంటే ఉన్నదున్నట్టు కొత్తదానికి కాపీ చేయొద్దు. చెడ్డ సెక్టార్ దగ్గర క్లోనింగ్ గంటలకొద్దీ ఆగిపోతుంది, లేదా సగంలో ఎర్రర్ ఇస్తుంది. ఆ కాసేపట్లో డిస్క్ పూర్తిగా పోవచ్చు కూడా. ఈరోజే ముఖ్యమైన ఫోల్డర్లు ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కు కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోండి. ఎస్‌ఎస్‌డీలో విండోస్ తాజాగా ఎక్కించండి. లైసెన్స్ మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటే అదే ఎడిషన్ ఎక్కించి నెట్‌కు కలపగానే యాక్టివేట్ అవుతుంది.

విప్పేటప్పుడు స్క్రూలను ఏ రంధ్రానివి ఆ రంధ్రం లెక్కన కాగితం మీద బొమ్మ గీసి దాని మీదే పెట్టండి. పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలో బిగిస్తే పైన పామ్‌రెస్ట్ పొంగుతుంది. కవర్ రావట్లేదంటే రబ్బరు కాళ్ల కిందో, డీవీడీ డ్రైవ్ వెనకో ఇంకో స్క్రూ ఉన్నట్టే, బలం పెట్టకండి. తెరిచాక మొదటి పని బ్యాటరీ కనెక్టర్ తీయడం, తర్వాత పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టుకోవడం. రిబ్బన్ కేబుళ్ల దగ్గర జాగ్రత్త: నల్లటి చిన్న రెప్పను గోటితో పైకి ఎత్తితే కేబుల్ దానంతటదే వదులవుతుంది. ఎత్తకుండా లాగితే ఆ రెప్ప విరిగిపోతుంది, ఇక కీబోర్డో టచ్‌ప్యాడో పనిచేయదు.

డ్రైవ్ 7 మిల్లీమీటర్ల మందం ఉన్నదే తీసుకోండి. బోర్డు మీద ఎం.2 స్లాట్ (చిన్న పట్టీ లాంటి ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) కనిపించినా వెంటనే ఎన్‌వీఎంఈ (సాటా కన్నా వేగమైన రకం) కొనకండి. ఆ కాలపు బోర్డుల్లో కొన్నింటి ఎం.2 సాటా ఒక్కటే తీసుకుంటుంది, ఎన్‌వీఎంఈ పెడితే బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) కనిపించను కూడా కనిపించదు. స్లాట్ గాట్లు చూసి ఊహించడం కన్నా సర్వీస్ మాన్యువల్ చూడటం నయం.

పెంగ్విన్‌గూడు:
ఎక్సెల్‌లో మాక్రోలు (రాసిపెట్టుకున్న ఆటోమేటిక్ ఆదేశాలు) వాడకపోతే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ కూడా ఆలోచించండి. ఎస్‌ఎస్‌డీ మీద 8 జీబీతో హాయిగా నడుస్తుంది, భద్రతా అప్‌డేట్లకు ప్రాసెసర్ తరం అడ్డు రాదు. ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా బూట్ చేసి వైఫై, కెమెరా, మైక్, స్లీప్ నుంచి లేవడం, ఈ నాలుగూ పరీక్షించండి. మాక్రోలుంటే మింట్‌లో ఎక్సెల్ బదులు వాడే లిబ్రేఆఫీస్ మీద ఆశ పెట్టుకోవద్దు.

పాతబోర్డు:
మీ అంకెలు చూశాక నా మాట: ఎస్‌ఎస్‌డీ ఇప్పుడే వేయించండి, డిస్క్ ఎటూ పోయేలా ఉంది. బ్యాటరీ ఉబ్బలేదు, మూత మడత దగ్గర ప్లాస్టిక్ పగల్లేదు అంటే మింట్ ఎక్కించి, స్లాట్‌లో ఉన్న 4 తీసి 8 వేయండి. మొత్తం 12 అవుతుంది. బోర్డు మీది 4, కొత్తదాంట్లో 4 కలిసి డ్యూయల్ ఛానల్‌లో (రెండు దారుల్లో ఒకేసారి), మిగతా 4 సింగిల్‌లో నడుస్తాయి, ఇబ్బందేమీ ఉండదు. ఉబ్బినా, విండోస్ తప్పనిసరైనా ర్యామ్‌కూ బ్యాటరీకీ పైసా పెట్టకండి, మార్చేయండి.

కొనేది రీఫర్బిష్డ్ అయితే 8వ తరం లేదా ఆపైన, 16 జీబీ, 1920×1080 ఐపీఎస్ తెర చూసుకోండి. డబ్బు ఇచ్చేముందు మీరే రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి వెళ్లండి. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగితే వదిలేయండి. విండోస్‌ను రీసెట్ చేసి నెట్‌కు కలిపినప్పుడు ఏదైనా సంస్థ పేరుతో సైన్ ఇన్ అడిగినా అంతే, ఆ మెషీన్ ఇంకా పాత యజమాని నిర్వహణలోనే ఉన్నట్టు.