దీపావళి టపాసులు: ఎవరివి వాళ్ళే కాల్చుకోవాలా, అపార్ట్‌మెంట్ అంతా ఒకేచోట కాల్చాలా?

కోనసీమ బిడ్డ (చర్చ మొదలుపెట్టినవారు)

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ కమిటీ వాట్సాప్ గ్రూపులో ఒక ప్రతిపాదన పెట్టింది. ఈ దీపావళికి బాల్కనీల్లో, మెట్ల దగ్గర, టెర్రస్ మీద ఎవరూ ఏమీ కాల్చకూడదు. ఇంటికింత అని చందా వేసుకుని, వెనకున్న ఖాళీ జాగాలో రాత్రి 8 నుంచి 10 దాకా ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు కాలుస్తారు. మిగతావాళ్ళు తాడు ఇవతల నిలబడి చూడాలి. పిల్లల చేతికి కాకరపువ్వొత్తి కూడా ఇవ్వరట.

బాల్కనీల సంగతి నేనూ ఒప్పుకుంటాను. పోయినేడు ఎవరో వదిలిన తారాజువ్వ నాలుగో అంతస్తులో ఆరేసిన బట్టల మీద పడింది. కానీ పిల్లల్ని ఉత్త ప్రేక్షకుల్ని చేయడం నాకు మింగుడుపడటం లేదు. మా ఊళ్ళో అమావాస్య సాయంత్రం గోగు కర్రలకు నూనెలో తడిపిన గుడ్డ ఒత్తులు చుట్టి వెలిగించి మా చేతికిచ్చేవాళ్ళు. ‘దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగులచవితి’ అంటూ నేలకేసి కొట్టి, కాళ్ళు కడుక్కుని, మిఠాయి తిన్నాకే టపాసుల జోలికి వెళ్ళనిచ్చేవాళ్ళు. నిప్పుతో ఎలా మెలగాలో అలా పెద్దవాళ్ళ పక్కన నిలబడి నేర్చుకున్నాం. మీరేమంటారు?

ఆరో అంతస్తు

కమిటీకి ఏం హక్కుందండీ? డబ్బులు మావి, పండగ మాది. ఎవరి పిల్లల్ని వాళ్ళు చూసుకుంటారు.

వార్డు సిస్టర్

ఆరో అంతస్తు గారూ, ఎవరి పిల్లల్ని వాళ్ళు చూసుకుంటే సరిపోయేదైతే దీపావళి రాత్రి మాకంత పని ఉండేది కాదు. నేను కంటి ఆసుపత్రిలో నర్సుని. ఏటా ఆ రాత్రి మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికి జనం క్యూ కట్టడం టీవీల్లో చూస్తూనే ఉంటారు. మా దగ్గరా అంతే. వచ్చేవాళ్ళంతా టపాసులు కాల్చినవాళ్ళే అనుకోకండి. పక్కన నిలబడి చూస్తున్నవాళ్ళు, ఆ దారిన బండి మీద పోతున్నవాళ్ళు కూడా చాలామందే ఉంటారు. మీ టపాసు పక్కింటి పిల్లాడి కంట్లో పడితే అది మీ సొంత విషయం ఎలా అవుతుంది?

నేను ఎక్కువగా చూసేది చిచ్చుబుడ్డి దెబ్బలు. వెలిగించారు, రవ్వలు రాలేదు. ఆరిపోయిందేమోనని వంగి చూశారు, అప్పుడు గుప్పుమంది. అదే మట్టి బుడ్డి పగిలితే పెంకులు కూడా ఎగురుతాయి. వెలగని దాని దగ్గరికి మళ్ళీ వెళ్ళకండి. కాసేపు ఆగి దూరం నుంచి నీళ్ళు కొట్టి వదిలేయండి. పాతిక రూపాయల బుడ్డి కోసం కన్ను పోగొట్టుకుంటారా?

కోనసీమ గారూ, కాకరపువ్వొత్తి కూడా తక్కువదేం కాదు. దాని రవ్వ దగ్గర వేడి 1000 డిగ్రీలు దాటుతుంది. వెలుగు ఆరిపోయాక కూడా ఆ తీగ చాలాసేపు కాలుతూనే ఉంటుంది. పిల్లలు దాన్ని నేల మీద పడేస్తారు, ఇంకొకరు ఒట్టి కాళ్ళతో తొక్కుతారు. ఐదారేళ్ళ లోపు పిల్లల చేతికి అసలు ఇవ్వకూడదనే నా మాట.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కాలిన చోట పేస్టు, పసుపు, ఇంకు రాసుకుని వస్తారు. అదంతా కడిగేదాకా గాయమే కనపడదు. చేయి కాలితే కుళాయి కింద 20 నిమిషాలు పెట్టండి, ఐసు వద్దు. కంట్లో మందు పొడి పడితే వెంటనే మంచినీళ్ళతో బాగా కడగండి. కన్ను చీరుకుపోయినా, రక్తం వస్తున్నా, లోపల ఏదైనా గుచ్చుకున్నా కడగొద్దు, నలపొద్దు, నొక్కొద్దు. కంటికి తగలకుండా కాగితం కప్పు బోర్లించి టేపు వేసి తీసుకురండి.

టపాసుల కొట్టు

నేను ఏటా పండక్కి లైసెన్సు తీసుకుని గ్రౌండులో స్టాల్ పెడతాను. సిస్టర్ గారి మాట కాదనను. కానీ అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. మతాబులు, చిచ్చుబుడ్లు, భూచక్రాలు వెలుగునిచ్చేవి. బాంబులు, సీమటపాకాయలు పేలేవి. తారాజువ్వలు ఎటు పోతాయో చెప్పలేం. ఈ మూడో రకం ఇళ్ళ మధ్య వద్దని నా దగ్గర కొనేవాళ్ళకు నేనే చెప్తాను.

8 నుంచి 10 అనేది మీ కమిటీ సొంతంగా పెట్టిన టైమ్ కాదు. సుప్రీంకోర్టు 2018 తీర్పులో దీపావళికి ఆ రెండు గంటలే ఇచ్చింది. బేరియం అనే రసాయనం వాడొద్దని, టపాకాయలు వరసగా కట్టిన సరాలు అమ్మొద్దని, గ్రీన్ క్రాకర్స్ మాత్రమే అమ్మాలని చెప్పింది కూడా అందులోనే. పెట్టె మీద నీరి (గ్రీన్ క్రాకర్స్‌ను రూపొందించిన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ) గుర్తు, క్యూఆర్ కోడ్ చూసి కొనండి. గ్రీన్ అంటే పొగ రాదని కాదు, దుమ్ము సుమారు 30 శాతం తగ్గుతుందంతే. నిప్పు నిప్పే.

లేబుల్ లేని సరుకు మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. 2024 దీపావళి రోజున ఏలూరులో ఉల్లిపాయ బాంబులు బండి మీద తీసుకెళ్తుంటే, గుంతలో కుదుపుకే పేలి మనిషి ప్రాణం పోయింది. వాటికి అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు.

ఆరో అంతస్తు

దారిన పోయేవాళ్ళ సంగతి నేను ఆలోచించలేదు, సిస్టర్ గారూ. బాంబులు, జువ్వలు కమిటీకే వదిలేస్తాను. కానీ మా గుమ్మం ముందు రెండు మతాబులు వెలిగించుకోవడానికి కూడా పర్మిషన్ అడగాలంటే ఒప్పుకోను.

కోనసీమ బిడ్డ

సిస్టర్ గారూ, చిన్నపిల్లల విషయంలో మీరన్నది ఒప్పుకుంటున్నా. పెద్దపిల్లల విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. ఇప్పుడు దగ్గరుండి నేర్పకపోతే, పదహారేళ్ళు వచ్చాక ఫ్రెండ్స్‌తో కలిసి రోడ్డు మీద చేత్తో పట్టుకుని బాంబు విసురుతాడు. అప్పుడు పక్కన మనం ఉండం.

అందుకే కమిటీ మీటింగులో ఇలా అడుగుదామనుకుంటున్నా. పేలేవి, ఎగిరేవి పెద్దవాళ్ళే జాగాలో కాల్చాలి. కాకరపువ్వొత్తులు, మతాబులు మాత్రం ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, పక్కన అమ్మో నాన్నో ఉండగా కాల్చాలి. నూలు బట్టలు, కాళ్ళకు బూట్లు తప్పనిసరి. కాలిన తీగలు వేయడానికి నీళ్ళ బకెట్, పక్కన ఇసుక పెడదాం. చిచ్చుబుడ్డిని పొడవాటి అగరుబత్తితో చేయి చాచి వెలిగించాలి, మొహం పక్కకు తిప్పుకోవాలి.

వార్డు సిస్టర్

కళ్ళద్దాలు కూడా రాసుకోండి. చలవ కళ్ళద్దాలు కాదు, వెల్డింగ్ షాపుల్లో, హార్డ్‌వేర్ కొట్లలో దొరికే పారదర్శకమైన సేఫ్టీ అద్దాలు. వెలిగించేవాళ్ళకు తప్పనిసరి చేస్తే, ఎనిమిదేళ్ళ పిల్లల విషయంలో మీతో ఇక వాదించను.

రెండో బ్లాక్

ఇందాకటి నుంచి చదువుతున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో పోయినేడు ఇలాగే ఒకేచోట కాల్చారు. ఆ ‘ఒకేచోటు’ సరిగ్గా మా కిటికీ కింద పడింది. మా నాన్నకు ఆస్తమా. అందరిళ్ళ పొగా రెండు గంటలపాటు మా గదిలోకే వచ్చింది. కిటికీలు మూసి తడిబట్టలు అడ్డం పెట్టినా లాభం లేక, ఆయన్ని రాత్రికి రాత్రి మా చెల్లెలి ఇంటికి తీసుకెళ్ళాం. ఎవరివి వాళ్ళు కాల్చుకున్న ఏడాదే మాకు నయం అనిపించింది. జాగా ఎంచుకునే ముందు దానికి దగ్గరగా ఏ ఇళ్ళున్నాయో, వాటిలో ముసలివాళ్ళు, పసిపిల్లలు ఎవరున్నారో ఎవరైనా అడిగారా?

కోనసీమ బిడ్డ

లేదండీ, అడగలేదు. మా వెనక జాగాకి ఆనుకుని కింద మూడు ఫ్లాట్లున్నాయి. ఒకదాంట్లో బాలింత ఉంది. మీటింగుకి ముందే రేపు ఆ మూడిళ్ళకీ వెళ్ళి అడుగుతాను. వాళ్ళు కాదంటే గేటు అవతలి స్కూల్ గ్రౌండు ఇస్తారేమో కనుక్కుంటాను.