పక్కపక్క సమాధులే, ఒకదాంట్లో ఎముకలు గట్టిగా, రెండోదాంట్లో మరక మాత్రమే: ఎందుకు?

ప్రశ్న: రెండు సమాధులూ ఒకే కాలానివి. గుల్లలు కలిసిన మట్టిలోని అస్థిపంజరం చక్కగా నిలిచింది. పక్కనే ఇసుక గుంటలో నల్లటి మరక, పళ్ల పైపెంకులు తప్ప ఏమీ మిగల్లేదు. ఇదంతా ఆమ్లత్వం వల్లేనా? డీఎన్‌ఏకి, రేడియోకార్బన్‌కి (వయసు తేల్చే పరీక్ష) ఏ ఎముక పనికొస్తుందో ముందే ఎలా తేల్చుకోవాలి?

జవాబు 1: ఆమ్లత్వం ఉంది, కానీ నీటి కదలికను వదిలేయకండి. ఎముకలో బరువు ప్రకారం మూడింట రెండు వంతుల దాకా కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం, మిగతాది ఎక్కువగా కొలాజెన్ అనే ప్రోటీన్. పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, 7 కంటే తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 7–8 మధ్య ఖనిజం కరగడం చాలా తక్కువ, 6 కంటే దిగితే వేగం పెరుగుతుంది. గుల్లల్లోని కాల్షియం కార్బొనేట్ ఆమ్లాన్ని విరిచేస్తుంది. ఇసుకలో ఆ రక్షణ లేదు, పైగా వాన నీరు నిలవకుండా జారిపోతుంది. నిలిచిన నీరు కాల్షియం, ఫాస్ఫేట్‌లతో నిండాక కరిగించడం ఆపేస్తుంది. కొత్త నీరు వచ్చిన ప్రతిసారీ కరగడం మళ్లీ మొదలు. అందుకే నీటిమట్టం ఏటా పైకీ కిందికీ ఆడే చోటు ఎముకకు బాగా చేటు. ఇంగ్లండ్‌లోని సట్టన్ హూ అనే పాత సమాధుల చోట, ఆమ్ల ఇసుకలో దేహాలు మరకలుగానే దొరికాయి. పంటి ఎనామిల్‌లో 96 శాతం ఖనిజమే, రంధ్రాలు దాదాపు లేవు కాబట్టి అది చివరిదాకా నిలుస్తుంది.

జవాబు 2: పై మాటకు ఒక చేర్పు. గాలి ఆడని తడినేల ఎముకకు ఎప్పుడూ మంచిదే అనుకోకూడదు. డెన్మార్క్ పీట్ బురదలో (సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న తడినేల) 1950లో దొరికిన టోలుండ్ మనిషి అనే ప్రాచీన దేహానికి చర్మం, ముఖం అద్భుతంగా నిలిచాయి. అలాంటి ఆమ్ల బురదల్లో ఎముకల ఖనిజం మాత్రం కరిగి మెత్తబడుతుంది. ఫ్లోరిడాలోని విండోవర్ అనే ప్రాచీన శ్మశానం కూడా పీటే, కానీ అక్కడి నీరు ఆమ్లం కాదు. అందుకే 7,000 ఏళ్లు దాటినా ఎముకలతో పాటు మెదడు కణజాలమూ మిగిలింది.

జవాబు 3: నమూనాల సంగతి. కటి ఎముక కింది మట్టి, సమాధి బయటి మట్టి విడివిడిగా తీయండి. ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి పీహెచ్ చూడండి. అది నేటి విలువ మాత్రమే, పాత నీటి చరిత్ర చెప్పదు. ఎముక పైకి గట్టిగా కనిపించినా లోపల కొలాజెన్ ఉందన్న నమ్మకం లేదు. దాన్ని నైట్రోజన్‌తో అంచనా వేస్తారు, ఎముకలో నైట్రోజన్ ఎక్కువగా కొలాజెన్‌దే. తాజా ఎముకలో అది 4 శాతం దాకా ఉంటుంది. 0.7 శాతం లోపు వస్తే రేడియోకార్బన్‌కి ఆశ తక్కువ. తీసిన కొలాజెన్ ఎముక బరువులో ఒక శాతం దాటాలి, కార్బన్–నైట్రోజన్ నిష్పత్తి 2.9–3.6 మధ్య ఉండాలి. డీఎన్‌ఏకి లోపలి చెవిని చుట్టి ఉండే పెట్రస్ ఎముకను ముందు చూడండి.

నమూనా తీసేదాకా ఎముకను గట్టిపరిచే పారలాయిడ్ బీ-72 అనే రెసిన్ పూయకండి, కొలతలు చెడతాయి. తడి ఎముకను ఎండలో పెడితే పగులుతుంది, నీడలో నెమ్మదిగా ఆరనివ్వండి. అసిటోన్‌లో కలిపిన బీ-72ని తడి మీద పూస్తే తెల్లగా పొర కడుతుంది, లోపలికి ఇంకదు.