అప్‌డేట్: ఆర్దెష్ కొండల్లో గ్రావెల్ రైడ్

ఫ్రాన్స్‌లోని ఆర్దెష్ కొండల్లో గ్రావెల్ బైక్‌కి (కంకర, మట్టి దారుల్లో తొక్కే సైకిల్) ఏ రూట్ మంచిదని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను, ఇప్పుడు వెళ్లొచ్చాం. ఎక్కువమంది చెప్పిన డోల్చే వియా అనే సైకిల్ దారినే పట్టుకున్నాం. రోన్ నది ఒడ్డున లా వూల్త్ దగ్గర మొదలై, ఎరియూ లోయ వెంబడి ల షేలార్ మీదుగా సెంతాగ్రెవ్ దాకా. 1968లో మూసేసిన మీటర్‌గేజ్ రైలు మార్గమిది. పాత రైలింజన్ ఎక్కిన వాలే కాబట్టి ఎక్కడా నిటారు ఎక్కుడు లేదు. ల షేలార్ దాటాక మాత్రం దాదాపు 600 మీటర్ల ఎత్తు, విసుగొచ్చేంత నెమ్మదిగా పెరుగుతుంది. సొరంగాలున్నాయి, ముందు లైటు ఉండాల్సిందే. 40 మి.మీ. టైర్లు హాయిగా సరిపోయాయి. సస్పెన్షన్ (కుదుపులు తగ్గించే ఏర్పాటు) గురించి నేను పడ్డ టెన్షన్ దండగ. ఆదివారం మధ్యాహ్నం ఊళ్లలో కొట్లు మూసేస్తారు, తిండి ముందే కొనుక్కోండి.