పాత డెస్క్‌టాప్ మాటిమాటికీ ఆగిపోతోంది: రిపేరా, కొత్తదా?

పేట_డీటీపీ
మాది నరసరావుపేటలో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. సిస్టమ్ ఐ5 నాలుగో జనరేషన్, హెచ్81 బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. 2014లో అసెంబుల్ చేయించింది. ఈమధ్య మధ్యాహ్నం పూట పనిలో ఉండగానే టప్పున ఆఫ్ అయిపోతోంది. కాసేపాగి నొక్కితే వస్తుంది. పొద్దున్నే ఆన్ చేస్తే తేదీ ఎక్కడికో వెనక్కి పోయి ఉంటుంది, దాన్ని సరిచేసేదాకా ఏ సైటూ తెరుచుకోదు. విండోస్ వచ్చేలోపు టీ తాగి రావచ్చు. ఇక్కడి షాపతను మూత కూడా తీయకుండా "మదర్‌బోర్డు పోయింది సార్, 6,500 అవుద్ది, లేకపోతే కొత్తది తీసుకోండి" అన్నాడు. ముందు పెళ్ళిళ్ళ సీజన్. పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే ప్రోగ్రామ్), అను తెలుగు ఫాంట్లు, ఏళ్ళ తరబడి చేసిన కార్డుల ఫైళ్ళు అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఏం చేయమంటారు?

కూకట్‌పల్లి_రవి
అన్నా, దాని మీద రూపాయి పెట్టినా దండగే. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచి ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి. నీది నాలుగు. కొత్తది కొనేసెయ్.

గుంటూరు_సర్వీస్
రవి గారు చెప్పింది విండోస్ సంగతి. ఆఫ్ అవడం వేరే సంగతి. రెండూ కలిపేస్తే షాపతను చెప్పిన రేటే ఖాయమవుతుంది.

సార్, మీరు చెప్పినవి ఒక జబ్బు కాదు, మూడు. తేదీ వెనక్కి పోతోందంటే బోర్డు మీద గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032 అని అడగండి, యాభై రూపాయల లోపే. తేదీ తప్పుగా ఉంటే బ్రౌజర్ సైట్ల సర్టిఫికెట్‌ను నమ్మదు, అందుకే తెరుచుకోవట్లేదు. విండోస్ ఆలస్యం హార్డ్ డిస్క్ వల్ల. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి చూడండి. "కాషన్" అని పసుపు రంగులో చూపిస్తే ఆ రోజే ఫైళ్ళు బయటికి తీయండి. ఇది మాత్రం వాయిదా వేయకండి.

ఆఫ్ అవడానికి ముందు అనుమానించాల్సింది వేడిని, ఆ తర్వాత సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే డబ్బా ఎస్ఎంపీఎస్‌ని. ఇంటెల్‌తో వచ్చే ఫ్యాన్‌కి నాలుగు ప్లాస్టిక్ క్లిప్పులుంటాయి. ఏళ్ళు గడిచేసరికి అవి పెళుసెక్కి ఒకటి ఊడుతుంది, హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు దిమ్మ) ప్రాసెసర్‌కి సరిగ్గా ఆనదు. దాని కింద వేడిని అందించే పేస్టు ఎండిపోయి సున్నంలా ఉంటుంది. బ్లోయర్‌తో దుమ్ము కొట్టించేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, దాన్ని గిర్రున తిరగనివ్వొద్దు. కొత్త పేస్టు రాసి ఒక వారం చూడండి. అప్పటికీ ఆగితే తెలిసినవాళ్ళ దగ్గర మంచి ఎస్ఎంపీఎస్ అరువు తెచ్చి తగిలించండి. 12 వోల్టుల లైన్ 11.4 కంటే కిందికి జారకూడదు. ఖాళీగా ఉన్నప్పుడు సరిగ్గానే చూపించి, ప్రింట్ ఇచ్చే టైముకి పడిపోయేవి బోలెడు చూశాను. దాన్ని విప్పి బాగుచేసే పని మాత్రం పెట్టుకోకండి. ప్లగ్ తీసేసినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

ఇవన్నీ చూశాక కూడా ఆగిపోతే అప్పుడు బోర్డు. ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందేమో టార్చి వేసి చూడండి.

పద్మజ_ఖమ్మం
బోర్డు పోయిందని తేలితే మాత్రం ఆగిపోండి సార్. నేను ఆ దారిలో వెళ్ళాను. ఆ కాలం సాకెట్‌కి ఇప్పుడు పెద్ద కంపెనీల బోర్డు కొత్తది దొరకదు. దొరికేవి ఊరూ పేరూ లేనివి, లేదా పాత వాటిలోంచి ఊడదీసినవి. నాకు పెట్టింది ఏడాది తిరక్కుండానే పోయింది, వారంటీ అడిగితే బిల్లు లేదు కదా మేడమ్ అన్నారు. పోనీ కొత్త తరం బోర్డు వేద్దామంటే డీడీఆర్3 ర్యామ్ దానికి పట్టదు, ప్రాసెసరూ పట్టదు. చివరికి పాతదాంట్లో మిగిలేది పెట్టె ఒక్కటే.

తర్వాత సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ డెల్ ఆప్టిప్లెక్స్ తీసుకున్నాం. ఎనిమిదో జనరేషన్ ఐ5, 8 జీబీ, 256 జీబీ ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్), 15 వేల లోపే వచ్చింది. ట్యాలీ, ఆన్‌లైన్ అప్లికేషన్లు, ప్రింట్లు అన్నీ దానిమీదే. కొనేముందు స్టిక్కర్ని నమ్మకుండా సిస్టమ్ ఆన్ చేయించి ప్రాసెసర్ నంబర్ చూడండి. ఐ5 అంటారు, తీరా చూస్తే ఆరో జనరేషన్ ఉంటుంది. ఇంకోటి, అలాంటి వాటిలో ఎస్ఎంపీఎస్, బోర్డు ఆ కంపెనీ సైజులోనే ఉంటాయి. రేపు పోతే మామూలు ఎస్ఎంపీఎస్ పట్టదు.

విశాఖ_లినక్స్
విండోస్ బదులు లినక్స్ మింట్ వేసుకోండి, ఈ గొడవే ఉండదు.

తెనాలి_ప్రెస్
మింట్‌లో పేజ్‌మేకర్, అను ఎవరు నడిపిస్తారు తమ్ముడూ! మా పాత ఫైళ్ళు యూనికోడ్‌లో లేవు. అను ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే శుభలేఖ నిండా పిచ్చి గీతలే.

పేట గారూ, మీకు అసలు చిక్కు ఇక్కడుంది, ఎవరూ ఎత్తలేదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. 64-బిట్ విండోస్‌లో నడుస్తుంది, మా దగ్గర నడుస్తోంది, అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి అంతే. కానీ విండోస్ 11కి 32-బిట్ వెర్షన్ అనేదే లేదు. మీ ప్రింటర్‌కో స్కానర్‌కో 32-బిట్ డ్రైవర్ మాత్రమే ఉంటే కొత్త సిస్టమ్ దాన్ని గుర్తుపట్టదు. కానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ అయితే భయం లేదు, 64-బిట్ డ్రైవర్ ఉంది. పాత ఫ్లాట్‌బెడ్ స్కానర్లే ఏడిపిస్తాయి. అను సీడీ, దాని కీ ఎక్కడున్నాయో ఇవాళే వెతుక్కోండి. కొత్తది కొన్నా పాతదాన్ని సీజన్ అయ్యేదాకా పక్కనే ఉంచండి.

పేట_డీటీపీ
అందరికీ థ్యాంక్స్. మూత తీశాం. సర్వీస్ గారు చెప్పినట్టే ఒక క్లిప్పు ఊడి ఉంది, హీట్‌సింక్ ఒక పక్కకి లేచింది. ఫ్యాన్ మార్చి పేస్టు రాయించాను, బ్యాటరీ వేశాను. మధ్యాహ్నాలు ఆఫ్ అవడం లేదు. బోర్డు మీద ఉబ్బినవేమీ కనపడలేదు. డిస్క్ మాత్రం పసుపు చూపిస్తోంది, ఫైళ్ళు కాపీ చేస్తున్నాను. ఎస్ఎస్‌డీ వేసి ఈ సీజన్ దీంతోనే లాగుతాను, తర్వాత పద్మజ గారి దారి. షాపతను ఎస్ఎస్‌డీకి పాత హార్డ్ డిస్క్ ఎక్స్‌చేంజ్ తీసుకుంటానన్నాడు, ఇచ్చేయనా?

గుంటూరు_సర్వీస్
వద్దు సార్! జిరాక్స్ షాపు డిస్క్ అంటే ఊళ్ళో సగంమంది ఆధార్, పాన్, పాస్‌బుక్ స్కాన్లు అందులోనే ఉంటాయి. మామూలు ఫార్మాట్ కొడితే అవి పోవు, రికవరీ ప్రోగ్రామ్‌తో మళ్ళీ తీయొచ్చు. ఫైళ్ళు రెండు చోట్ల కాపీ అయ్యాక డిస్క్‌ని విప్పి ప్లేట్లు పాడుచేయండి. ఎస్ఎస్‌డీ కూడా విడిగానే కొనుక్కోండి, రేపు ఏ సిస్టమ్ తీసుకున్నా అందులోకి మార్చుకోవచ్చు. ఈ మధ్య ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి. సెకండ్ హ్యాండ్ తీసుకునేటప్పుడు 16 జీబీ ఉన్నదే చూసుకోండి, తర్వాత విడిగా వేయిస్తే ఎక్కువవుతుంది.

కూకట్‌పల్లి_రవి
అన్నా, ఆ ఫ్యాన్ ఎంత పడింది? మా నాన్నగారి సిస్టమ్ కూడా ఇలాగే ఆగిపోతోంది.